ఏసీపీ ప్రద్యుమ్న్ గంటలో తేల్చేస్తాడు, మా ఆఫీసు డ్రిల్‌లో నేను చచ్చిపోయాను

నల్లకుంట_నాని · శనివారం, రాత్రి 9:40

మా నాన్నకి ఏసీపీ ప్రద్యుమ్న్ కేసులు తేల్చే హిందీ సీరియల్ సీఐడీ అంటే పిచ్చి. 1998లో మొదలైనప్పటి నుంచి 2018లో ఆపేసేదాకా చూశారు. 2024 డిసెంబర్‌లో మళ్ళీ మొదలవగానే రిమోట్ మళ్ళీ ఆయన చేతికి వెళ్ళిపోయింది. హిందీ అంతంతమాత్రమే. అయినా హంతకుడెవరో పదో నిమిషంలో చెప్పేస్తారు. సగం సార్లు తప్పే, కానీ ఒప్పయిన సగమే ఆయనకి గుర్తుంటుంది.

అసలు విషయానికొస్తా. మొన్న బుధవారం నానక్‌రామ్‌గూడలో మా ఆఫీసులో ఎమర్జెన్సీ డ్రిల్ పెట్టారు. సైరన్ మోగితే మెట్లు దిగి పార్కింగ్‌లో సెల్ఫీలు తీసుకునే రకం కాదు, బయటి నుంచి ట్రైనర్లు వచ్చారు. ఆరో అంతస్తు ప్యాంట్రీలో సిలిండర్ పేలినట్టు సీన్. దెబ్బలు తగిలినవాళ్ళుగా పన్నెండుమందిని తీసుకున్నారు, అందులో నేనొకణ్ణి. ఒకమ్మాయి వచ్చి నా ముంజేతికి వాజిలిన్ రాసి, టిష్యూ పేపర్ ముక్కలు అంటించి, మీద ఎర్ర రంగు పూసి, చివర్న చిటికెడు కాఫీపొడి చల్లింది. అయిదు నిమిషాల తర్వాత నా చెయ్యి చూసుకుంటే నాకే కడుపులో తిప్పింది. మెడలో ఒక కార్డు వేశారు: "ఊపిరి నిమిషానికి 36. చేతులు చల్లబడ్డాయి. మాట్లాడకూడదు."

నా పక్కన టెస్టింగ్ టీమ్ కుర్రాడు. వాడి కార్డులో ఉన్నది కాలు బెణికిందని, అంతే. వాడికి నాటకాల సరదా కూడా ఉన్నట్టుంది, "అమ్మా, చచ్చిపోతున్నా" అని ఫ్లోరంతా అదిరేలా అరిచాడు. మా ఫైర్ వార్డెన్లు నలుగురూ వాడి దగ్గరికే పరిగెత్తి, కుర్చీలో కూర్చోబెట్టి పల్లకీలో పెళ్ళికొడుకులా మోసుకుపోయారు. నేను ఇరవై రెండు నిమిషాలు కార్పెట్ మీద పడుకుని సీలింగ్‌లో స్ప్రింక్లర్లు లెక్కపెట్టాను. పదకొండు.

తర్వాత అందర్నీ కూర్చోబెట్టి ట్రైనర్ అడిగాడు.

"ముందు అతన్నే ఎందుకు తీసుకెళ్ళారు?"

"అరుస్తున్నాడు కదా సార్."

"అంత గట్టిగా అరుస్తున్నాడంటే ఊపిరి బాగానే ఆడుతున్నట్టు కదా?"

ఎవరూ నోరెత్తలేదు. అప్పుడాయన నా వైపు తిరిగి "మీరు పోయారు" అన్నాడు. లిఫ్ట్ పనిచెయ్యట్లేదని చెప్పినంత మామూలుగా.

ఇంటికొచ్చి నాన్నకి చెబితే, "ప్రద్యుమ్న్ ఉండుంటే ఒక్క చూపులో కనిపెట్టేవాడు" అన్నారు. నిజంగానా? పోలీసు, అంబులెన్స్, ఆస్పత్రి పనుల్లో ఉన్నవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. టీవీలో చూసేది, ఇలా ఉత్తుత్తి సీన్లు పెట్టి నేర్పేది, అసలు పని, ఈ మూడింటికీ మధ్య దూరం ఎంత?

చిలకలగూడ_చిన్ని · 9:52

ఓం శాంతి అన్నా. పెద్దకర్మకి బిర్యానీ ఎక్కడ?

పాత_పైలట్ · 10:15

నానీ తమ్ముడూ, నీ మెడలో వేసింది రెడ్ ట్యాగ్ కేసు, అంటే అందరికంటే ముందు తీసుకెళ్ళాల్సినవాడివి. నేను 108లో తొమ్మిదేళ్ళు పైలట్‌ని. మాలో డ్రైవర్ని పైలట్ అంటారు, వెనక పేషెంట్ దగ్గర ఉండేది ఈఎంటీ. ఇద్దరికీ ట్రైనింగ్ ఉంటుంది.

ఒకేసారి చాలామందికి దెబ్బలు తగిలితే వాడే లెక్క ఒకటుంది, స్టార్ట్ అంటారు. 1983లో కాలిఫోర్నియాలో ఒక ఆస్పత్రి, అక్కడి ఫైర్ డిపార్ట్‌మెంట్ కలిసి తయారుచేసింది. ముందు గట్టిగా "నడవగలిగినవాళ్ళు ఇటు రండి" అంటాం. వచ్చినవాళ్ళంతా గ్రీన్, వాళ్ళని చివర్న చూడొచ్చు. మిగిలినవాళ్ళ దగ్గరికి మనమే పోవాలి. ఊపిరి లేకపోతే తల వెనక్కి వంచి దారి తెరుస్తాం. అప్పటికీ ఆడకపోతే బ్లాక్, పోయినట్టే లెక్క. ఊపిరి నిమిషానికి 30 దాటితే రెడ్. గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి 2 సెకన్ల కంటే ఎక్కువ పట్టినా రెడ్. "చెయ్యి పిసుకు" అంటే పిసకలేకపోయినా రెడ్. ఇవన్నీ సరిగానే ఉండి నడవలేనివాడు ఎల్లో, రెడ్ తర్వాత వంతు. ఒక్కో మనిషికి నిమిషం కూడా పట్టకూడదు. నీ 36 చూసినవాడు ఇంక వేరే ఏదీ చూడక్కర్లేదు.

చెప్పడం తేలికే. మొదటిసారి ప్రాక్టీసులో నేనూ అరిచేవాడి దగ్గరికే పోయాను. చెవి లాక్కెళ్ళిపోతుంది, కాళ్ళు దాని వెనకే పోతాయి.

నైట్‌డ్యూటీ_నర్స్ · 10:38

మేం సిమ్యులేషన్ ల్యాబ్‌లో నర్సింగ్ పిల్లలకి సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్ళకి ఛాతీ నొక్కి ఊపిరి ఊదడం, నేర్పిస్తాం. వాళ్ళకి మొదట మాన్పించాల్సింది టీవీలో నేర్చుకొచ్చిందే. మోనిటర్‌లో గీత ఎగుడుదిగుడు లేకుండా తిన్నగా అయిపోతుంది, డాక్టర్ రెండు ప్యాడ్లు రుద్ది షాక్ ఇస్తాడు, పేషెంట్ ఎగిరిపడి కళ్ళు తెరుస్తాడు. అసలు స్ట్రెయిట్ లైన్‌కి షాక్ ఇవ్వరు! గుండె లయ తప్పి వణుకుతుంటే ఇస్తారు. పూర్తిగా ఆగిపోతే ఛాతీ నొక్కడం, మందులు. ప్రతి బ్యాచ్‌లో ఈ మాట చెప్పగానే ఒకరైనా "మరి సినిమాల్లో మేడమ్?" అంటారు.

1996లో ఒక ప్రసిద్ధ అమెరికన్ మెడికల్ జర్నల్‌లో దీనిమీదే పరిశోధన వచ్చింది. అక్కడి మూడు టీవీ కార్యక్రమాల్లో సీపీఆర్ చేసిన సీన్లన్నీ లెక్కేశారు. నూటికి 75 మంది అప్పటికప్పుడు బతికేశారు. నిజం ఆస్పత్రిలో ఆ లెక్కకి దరిదాపుల్లో కూడా ఉండదు. బతక్కపోతే చేసినవాళ్ళదే తప్పని చుట్టాలు మా మీదికి రావడానికి అదీ ఒక కారణమని నా అనుమానం.

నొక్కాల్సింది నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్ళకి 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. టీవీలో మోచేతులు వంచి పూరీపిండి అద్దినట్టు అద్దుతారు. బతికున్న నటుణ్ణి అంత లోతు నొక్కలేరు కదా, పాపం, పక్కటెముకలు విరుగుతాయి. ప్రాక్టీసుకి మనిషంత బొమ్మ ఉన్నది అందుకే.

ఆ బొమ్మకో కథ ఉంది. 1960లో దాన్ని తయారుచేసినాయన నార్వేలో బొమ్మల వ్యాపారి, ఆస్‌మండ్ లేర్డల్. దానికి పెట్టిన ముఖం పారిస్‌లో సెన్ నదిలో దొరికిన ఒక అమ్మాయిదని చెప్పుకుంటారు. శవాగారంలో ఆమె ముఖానికి అచ్చు తీశారట. ఆమె ఎవరో, ఎలా పోయిందో ఇప్పటికీ తేలలేదు. ప్రపంచం మొత్తం ఆ పిల్ల నోట్లో ఊపిరి ఊది నేర్చుకుంది. డిటెక్టివ్ సీరియల్ ఇష్టమున్న మీ నాన్నగారికి చెప్పండి నానీ, ఈ కేసు ఇంకా పెండింగ్.

పాత_పైలట్ · 10:51

మేడమ్, బొమ్మతో ఒక చిక్కుంది. బొమ్మకి చీర ఉండదు. జాకెట్‌కి పిన్నీసులుండవు. మెడలో పుస్తెలతాడు ఉండదు. మా మొదటి నిజం కేసు చిక్కడపల్లి వైపు, పాత బిల్డింగ్‌లో నాలుగో అంతస్తు. మెట్ల మలుపులో స్ట్రెచర్ తిరగలేదు, దుప్పట్లో వేసి దించాం. పైన మా ఈఎంటీ షాక్ మిషన్ ప్యాడ్ అంటించాలంటే పుస్తెలు పక్కకి జరపాలి, ఆ పెద్దావిడ కూతురు చెయ్యి పట్టుకుని వదల్లేదు. "తాడు ముట్టుకోవద్దు, నాన్న ఉన్నారు" అని ఒకటే ఏడుపు. ట్రైనింగ్‌లో ఇది ఎవరూ చెప్పలేదు. ఆ పది సెకన్లు మా వాడి చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

తర్వాత మా ట్రైనర్‌కి చెప్తే, ఆయన మరుసటి బ్యాచ్ నుంచి బొమ్మకి పాత చీర కట్టించి, మెడలో పసుపుతాడు వేయించి, పక్కన ఒకర్ని కూతురు వేషంలో కూర్చోబెట్టాడు. ఆ వేషం వేసినావిడ మొదటిరోజే ఇద్దర్ని గోళ్ళతో గీరింది.

నైట్‌డ్యూటీ_నర్స్ · 10:55

ఆ పసుపుతాడు రేపే మా ల్యాబ్‌లో పెడతాను. ఇన్నేళ్ళుగా మాకెందుకు తట్టలేదో.

యూసుఫ్‌గూడ_యాదగిరి · 11:20

అందరూ మంచిగనే చెప్తున్నారు. నాకో డౌట్. 2025 మే 7న సాయంత్రం 4 గంటలకి నగరంలో సైరన్లు మోగించి ఆపరేషన్ అభ్యాస్ అని మాక్ డ్రిల్ చేశారు కదా. సికింద్రాబాద్, గోల్కొండ, కంచన్‌బాగ్, మౌలాలి. టీవీ నిండా అదే. సరిగ్గా పదకొండు రోజులకి, మే 18 పొద్దున గుల్జార్ హౌజ్ దగ్గర మంటలు. 17 మంది పోయారు, అందులో చిన్నపిల్లలు. డ్రిల్ ఏం పనికొచ్చినట్టు?

పాత_పైలట్ · 11:34

యాదగిరన్నా, అది యుద్ధం వస్తే అన్న లెక్కలో దేశమంతా చేసిన డ్రిల్. గుల్జార్ హౌజ్ ఇంట్లోకి పోవడానికీ రావడానికీ ఇరుకు దారి ఒక్కటే. ఆ దారిలోనే పొగ. లోపలివాళ్ళు ఎటు రావాలి, బయటివాళ్ళు ఎటు పోవాలి? ఫైరోళ్ళు ఎంత ప్రాక్టీసు చేసినా లేని మెట్లు ఎక్కడినుంచి తెస్తారు?

అయినా నీ మాటలో న్యాయం ఉంది. డ్రిల్స్ ఎప్పుడూ వెడల్పు రోడ్లున్న చోటే చేస్తారు. పాతబస్తీ గల్లీలో ఆదివారం తెల్లవారుజామున చెయ్యమను, అప్పుడు తెలుస్తుంది ఏ మలుపులో బండి ఇరుక్కుంటుందో.

రిటైర్డ్_రైటర్ · ఆదివారం, ఉదయం 6:05

పొద్దున్నే లేచే అలవాటు పోలేదు. నేను నగరంలో మూడు స్టేషన్లలో రైటర్‌గా చేశాను. రైటర్ అంటే కథలు రాసేవాడు కాదు. ఎఫ్‌ఐఆర్, పంచనామా, కేసు డైరీ ఫైలు, కోర్టు కాగితాలు అన్నీ మా చేతిరాతే. ప్రద్యుమ్న్ గారి స్టేషన్‌లో నాకు ఎప్పుడూ కనబడనిది అదే, బాబూ. ఇన్నేళ్ళలో ఒక్క ఎపిసోడ్‌లో కూడా ఎవరూ కూర్చుని రాస్తుండగా నేను చూడలేదు.

ట్రైనింగ్ గురించి అడిగావు కాబట్టి ఒకటి చెప్తాను. ఒకసారి మా బ్యాచ్‌కి ఉత్తుత్తి హత్య సీన్ పెట్టారు. ఒక గది. మంచం, కింద బొమ్మ, పక్కన కత్తి, బల్లమీద రెండు గ్లాసులు. ఒకదానికి లిప్‌స్టిక్ మరక. మేం ఆరుగురం. అందరం టీవీ చూసినవాళ్ళమే, పోయి గ్లాసు చుట్టూ మూగాం. ఒకడు మోకాళ్ళ మీద కూర్చుని వాసన కూడా చూశాడు. అరగంట తర్వాత బయటికి పిలిచి మాస్టారు అడిగింది ఒకే ప్రశ్న. "మీరు వెళ్ళేసరికి గదిలో లైటు వెలుగుతోందా?"

ఆరుగురం మొహాలు చూసుకున్నాం. ముందు వెళ్ళినవాడు గుమ్మంలో అడుగుపెడుతూనే అలవాటుగా స్విచ్ వేశాడు. వేశానని వాడికే గుర్తులేదు. చీకట్లో జరిగిందా, వెలుతురులో జరిగిందా అన్నది అక్కడితో పోయింది. స్విచ్ మీద వేలిముద్ర ఏమైనా ఉంటే అదీ పోయింది, మా వాడిది తప్ప. లిప్‌స్టిక్ గ్లాసు ఉత్తదేనట, మమ్మల్ని ఆడించడానికి పెట్టారు.

ఆ తర్వాత నా సర్వీసంతా ఏ ఇంట్లో అడుగుపెట్టినా చేతులు వెనక్కి కట్టుకునే వెళ్ళాను. ఇప్పుడు చుట్టాల ఇళ్ళకి వెళ్ళినా అంతే. మా ఆవిడ తిడుతుంది, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినట్టు ఉన్నారని.

చిలకలగూడ_చిన్ని · 8:30

బాబాయ్ గారూ, ఈ స్విచ్ సంగతి చదివి ఇందాక మా బాత్రూమ్ లైటు వేసేముందు రెండు సెకన్లు ఆగాను.

డైలాగ్_రామం · 9:15

కృష్ణానగర్ నుంచి. పదకొండేళ్ళుగా సీరియల్స్‌కి రాస్తున్నాను, అందులో రెండు క్రైమ్‌వి. అందరూ మమ్మల్ని వాయిస్తున్నారు కాబట్టి ఒక మాట.

అరగంట స్లాట్‌లో మాకు దక్కేది 22 నిమిషాలు. ఫోరెన్సిక్ రిపోర్టు కోసం ఎదురుచూడ్డం చూపిస్తే జనం వంటల ఛానెల్‌కి పోతారు. అందుకే సీఐడీలో ఫోరెన్సిక్ డాక్టర్ సాలుంఖే గాజుగొట్టంలో నీలంరంగు నీళ్ళు పోస్తాడు, ఎర్రగా మారతాయి, విషం పేరు చెప్పేస్తాడు. రాసేవాడికి తెలియక కాదు.

ఇంకోటి. ఆ సీఐడీ వాళ్ళే 2004లో 111 నిమిషాల ఎపిసోడ్‌ని ఒకే షాట్‌లో తీశారు, కట్ లేకుండా. రికార్డు అది. అలా తియ్యాలంటే కెమెరామన్, లైట్‌బాయ్, తలుపు తీసేవాడు, అందరూ ఎవరెక్కడ ఉండాలో కాళ్ళకి అలవాటయ్యేదాకా రిహార్సల్ చెయ్యాలి. మీ డ్రిల్‌కీ మా రిహార్సల్‌కీ తేడా ఒకటే. మాకు చివర ఏమవుతుందో అందరికీ తెలుసు. మీకు ట్రైనర్‌కి మాత్రమే తెలుసు.

పాత అమెరికన్ సీరియల్ కొలంబో గుర్తొచ్చింది. డిటెక్టివ్‌గా పీటర్ ఫాక్, నలిగిపోయిన కోటు. హత్య ఎవరు చేశారో మొదట్లోనే చూపించేస్తారు. హంతకుణ్ణి ఆయన ఎలా పట్టుకుంటాడన్నదే కథ. ట్రైనర్లు కూర్చుని చూసేది కొలంబో, లోపల తిరిగేవాళ్ళు ఆడేది సీఐడీ.

రిటైర్డ్_రైటర్ · 9:40

రామం గారూ, మీ సీరియల్స్ వల్ల ఒక మేలు జరిగింది, ఒప్పుకుంటాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో శవం ఉన్న ఇంటికి వెళ్తే అప్పటికే ఎవరో నేల కడిగేసి, దుప్పటి కప్పి, అగరొత్తులు వెలిగించేవారు. తర్వాత్తర్వాత కాలనీవాళ్ళే గుమ్మంలో నిలబడి "ముట్టుకోకండి, ఫింగర్‌ప్రింట్స్ పోతాయి, క్లూస్ టీమ్ రావాలి" అనడం మొదలుపెట్టారు. అలా అంటూనే లోపలికి వచ్చి సెల్‌లో వీడియో తీసుకునేవారనుకోండి, అది వేరే సంగతి.

అడ్వకేట్_ఆది · 10:20

నా వంతు కోపం. ప్రతి ఎపిసోడ్ చివర చెంపదెబ్బ, ముద్దాయి ఏడుస్తూ మొత్తం చెప్పేస్తాడు, "ఇక నీకు ఉరే" అంటారు. పోలీసు ముందు ఒప్పుకున్న మాట కోర్టులో ముద్దాయి మీద రుజువుగా చెల్లదు. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో అది సెక్షన్ 25, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23. ఆ మాట పట్టుకుని వెళ్తే కత్తి దొరికింది అనుకోండి, దొరికిన ఆ మేరకే చెల్లుతుంది. నార్కో టెస్ట్ కూడా మనిషి ఒప్పుకోకుండా చెయ్యకూడదని 2010లో సుప్రీంకోర్టు సెల్వి కేసులో చెప్పేసింది.

2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు. ఏడేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు సీన్‌కి వచ్చి ఆధారాలు సేకరించాలి, వీడియో తీయించాలి. అమలుకి రాష్ట్రాలకి అయిదేళ్ళ గడువు. అంటే రైటర్ గారు చెప్పిన స్విచ్ వేసే చెయ్యి ఇకమీదట వీడియోలో పడుతుంది. నాలాంటివాణ్ణి కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లో దాన్ని ఆపి ఆపి చూపించకుండా ఎవరూ ఆపలేరు.

తార్నాక_మాధవి · 11:45

ఇంగ్లండ్‌లో ఫోరెన్సిక్స్ చదివి వచ్చాను. అక్కడి పోలీసులకి హైడ్రా అని ఒక శిక్షణ ఉంది. ఆగండి, నవ్వకండి. మన దగ్గర 2024 నుంచి హైడ్రా అంటే బుల్డోజర్, చెరువులో ఇల్లు కట్టినవాడికి చెమటలు. ఇది వేరే. లండన్ పోలీసుల కోసం జొనథన్ క్రెగో అనే ఆయన మొదలుపెట్టాడు. మాకు ఒకరోజు చూపించారు.

తలుపులు బద్దలుకొట్టడం, పరుగులు ఏమీ ఉండవు. నలుగురైదుగురిని ఒక గదిలో కూర్చోబెడతారు, ఇంకొందరిని ఇంకో గదిలో. ట్రైనర్ లోపల ఉండడు, కెమెరాలో చూస్తుంటాడు. సమాచారం కొంచెం కొంచెంగా వదులుతారు. ఒక పిల్ల కనబడలేదని ఫోన్. కాసేపటికి పక్కింటావిడ స్టేట్‌మెంట్. తర్వాత విలేకరుల ఒత్తిడి. మధ్యలో దేనికీ సంబంధం లేని కాగితం ఒకటి. ఏ నిర్ణయం తీసుకున్నా ఎందుకు తీసుకున్నారో, మిగతా దార్లు ఎందుకు వద్దనుకున్నారో రాయాలి. రాసింది తర్వాత దిద్దడానికి లేదు. చివర అన్ని గదులవాళ్ళనీ ఒక హాల్లో కూర్చోబెట్టి ఆ రాతలు తెరమీద వేస్తారు. అందరికీ అందింది ఒకే సమాచారం. మేం చూసిన రోజు ఒక గది తండ్రిని అనుమానించింది, ఇంకో గది వ్యాన్ డ్రైవర్ని. మొదటి పావుగంటలో ఎవరి పేరు పలికితే చివరిదాకా అతని చుట్టూనే తిరిగారు.

రిటైర్డ్_రైటర్ · 12:10

అమ్మా మాధవీ, అక్కడ కూడా చివరికి రైటర్ పనే అన్నమాట. మా ఆవిడకి చదివి వినిపించాను.

నల్లకుంట_నాని · మధ్యాహ్నం 1:30

ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. కన్ఫెషన్ చెల్లదన్న దగ్గర చాలా బాధపడ్డారు. ఇరవై ఏళ్ళుగా అన్ని కేసులూ కోర్టులో కొట్టేశారా అని అడిగారు. స్విచ్ దగ్గర మాత్రం ఏమీ అనలేదు. లేచి హాల్లోకి వెళ్ళి, కాసేపు స్విచ్‌బోర్డు వైపు చూసి వచ్చారు.

ఇంకో సంగతి. మా అపార్ట్‌మెంట్‌లో 48 ఫ్లాట్లు, సగానికి పైగా పెద్దవాళ్ళే. ఒక్కరికీ సీపీఆర్ రాదు, నాతో సహా. పైలట్ అన్నా, వచ్చే ఆదివారం ఒక పూట వస్తారా?

పాత_పైలట్ · 1:48

వస్తా. మా పాత ట్రైనర్ దగ్గర నడుము పైభాగం మాత్రం ఉన్న బొమ్మ ఒకటుంది, అడిగి తెస్తా. మెట్లు ఎంత వెడల్పో టేపుతో కొలిచి పెట్టు. లిఫ్ట్‌లో మనిషి పడుకునేంత చోటు ఉందా అది కూడా.

నైట్‌డ్యూటీ_నర్స్ · 2:05

నేనూ వస్తాను. పాత చీర, పిన్నీసులు, పసుపుతాడు నావి. కూతురు వేషానికి ఎవరైనా కావాలి, గోళ్ళు కత్తిరించుకుని రావాలి.

చిలకలగూడ_చిన్ని · 2:07

నేను! చిన్నప్పటి నుంచీ ఏడవడంలో నాకు పేరుంది.

యూసుఫ్‌గూడ_యాదగిరి · 2:30

పొద్దున చేస్తే ఏం లాభం? రాత్రి కరెంటు తీసేసి చేయండి. నేను టార్చ్ పట్టుకుని వస్తా.

నల్లకుంట_నాని · 2:41

సాయంత్రం ఏడింటికి పెట్టుకుందాం, మెట్లమీద లైట్లు ఆపిద్దాం. నాన్న తలుపు బద్దలుకొట్టే వేషం కావాలంటున్నారు, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉందని చెప్పాను. పేషెంట్‌గా నాలుగో అంతస్తులో నేనే పడుకుంటా. ఈసారి మాత్రం కార్డులో ఏం రాసినా సరే, గట్టిగా అరుస్తా.

పాత_పైలట్ · 2:44

అరిస్తే గ్రీన్ ట్యాగే తమ్ముడూ. నాలుగు అంతస్తులూ నడిచి దిగాలి.